ముప్పై రెండో వరుస

మా బళ్ళో గంట కొట్టే ఆయన్ని అందరూ గంట తాతయ్య అనేవారు. పిల్లలే కాదు, నలభై దాటిన నేనూ, యాభై దాటిన హెడ్మాస్టరుగారూ అలాగే పిలిచేవాళ్ళం. పొద్దున్నే తలుపులు తీయడం, గదులు ఊడవడం, మోటారు వేసి ట్యాంకు నింపడం, పదిహేను రోజులకోసారి ఆ ట్యాంకు కడగడం, వేళకు గంట కొట్టడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళు చేశాడు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఒకే ఒక్కసారి గంట ఆలస్యమైంది. నేను చెప్పబోయేది ఆ ఒక్కసారి గురించే. విన్నాక మీరు ఆయన్ని తిట్టుకున్నా నేను అడ్డు రాను గానీ, కాస్త చివరిదాకా ఆగండి.

మాది చిన్న బడి. ఏడో తరగతి దాకానే. పై తరగతులకి లెక్కలూ సైన్సూ చెప్పేది లెక్కల మాస్టారు. భాషా సాంఘికమూ నావి. ఆ ఏడాది రెండో టర్ము మొదలయ్యే ముందు హెడ్మాస్టరుగారు వారం రోజులు ఎక్కడో శిక్షణకు వెళ్ళొచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, ఆయనా అంతే. వచ్చీరాగానే స్టాఫ్ రూములో గోడకి ఒక చార్టు అంటించారు. ఏడో తరగతివాళ్ళు ఆ టర్ములో నేర్చుకోవాల్సినవన్నీ అందులో ఉన్నాయి. సాంఘికంలో మ్యాపు గీయడం. లెక్కల్లో సగటు, బార్ గ్రాఫు. సైన్సులో నీరు, సూక్ష్మజీవులు. భాషలో ఫిర్యాదు ఉత్తరం.

"ఈసారి ఎవరి పాఠం వాళ్ళు విడివిడిగా చెప్పడం కుదరదు. పిల్లలు ఒక విషయం ఎంచుకుంటారు. మ్యాపు దాని మీదే, లెక్క దాని మీదే, ప్రయోగం దాని మీదే, చివరికి ఉత్తరం కూడా దాని మీదే" అన్నారు.

"సరే సార్" అన్నాం నేనూ లెక్కల మాస్టారూ. లోపల మాత్రం ఇద్దరం నిట్టూర్చాం.

ఏడో తరగతిలో ముప్పై ఇద్దరు పిల్లలు. వాళ్ళలో ఒకతి గంట తాతయ్య మనవరాలు. వాళ్ళమ్మ బట్టల మిల్లులో షిఫ్టుల మీద పనిచేసేది కాబట్టి ఆ పిల్ల తాతయ్యతోనే బడికి వచ్చి, తాతయ్యతోనే వెళ్ళేది. ఏం చెప్పినా "ఎందుకు టీచర్?" అనేది. అందుకని ఎందుకమ్మ అని పేరు పెట్టాం. పేరు పెట్టింది నేనేనేమో కూడా.

విషయం ఎంచుకునే రోజున ఒకడు చెట్లన్నాడు, ఒకతి బస్సులంది. ఎందుకమ్మ లేచి, "టీచర్, మన కుళాయిల్లో నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? వాటిల్లో ఏముంటాయి?" అంది.

"కుళాయిలోంచే వస్తాయి, నీళ్ళే ఉంటాయి" అన్నాడు వెనక బెంచీవాడు. అంతా నవ్వారు. కానీ చేతులెత్తమంటే ఎక్కువ చేతులు నీళ్ళకే లేచాయి.

ఆ సమయంలో గంట తాతయ్య నోటీసు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సంతకం పెట్టి పుస్తకం ఇవ్వబోతే ఆయన నావైపు చూడటంలేదు. మనవరాలివైపు చూస్తున్నాడు. మురిసిపోతున్నాడనుకున్నాను. గుండెల్లో రాయి పడిన మనిషి ఎలా ఉంటాడో అంత దగ్గర్నించి చూసి కూడా నాకు తెలియలేదు.

ఆ రాయి సంగతి తర్వాత ఆయనే చెప్పాడు. రెండేళ్ళ కిందట ట్యాంకు కడగడానికి ఎక్కుతుండగా ఇనుప నిచ్చెన మెట్టొకటి విరిగింది. ఒంటి చేత్తో వేలాడుతూ ఎంతసేపున్నాడో ఆయనకే తెలియదు. బడి తెరవకముందు జరిగింది కాబట్టి ఎవరూ చూడలేదు. ఎలాగో దిగాడు. మోకాలు వాచింది, అది నెలలో తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టేసరికి కళ్ళు తిరిగి చెమటలు పట్టేవి. చెబుదామంటే, ఆయనది ఏడాదికోసారి కమిటీ పొడిగించే ఉద్యోగం. ట్యాంకు ఎక్కలేనివాణ్ణి ఎందుకు పొడిగిస్తారు? రేపు ఎక్కుదాం, ఎల్లుండి ఎక్కుదాం అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాడు.

ట్యాంకు గోడ మీద, నిచ్చెన పక్కన, "శుభ్రం చేసిన తేదీ" అని ఒక నల్ల పలక ఉండేది. ట్యాంకు కడిగి దిగుతూ ఆ తేదీ మార్చాలి. గంట తాతయ్య చీపురుకర్ర చివర సుద్దముక్క కట్టి, కింద నిలబడే ఆ తేదీ మార్చేవాడు. పదిహేను రోజులకోసారి, తప్పకుండా. ఇచ్చిన బ్లీచింగు పొట్లాలన్నీ గంట గది తలుపు వెనకాల గోనెసంచిలో పేరుకున్నాయి.

మొదటి పాఠం నాదే. పిల్లల్ని బయటకి తీసుకెళ్ళి నీళ్ళదారి మ్యాపు గీయించాను. దారి చూపించమని గంట తాతయ్యనే అడిగాను. వీధి పైపు నుంచి కింది తొట్టి, తొట్టి నుంచి మోటారు, మోటారు నుంచి మరుగుదొడ్ల కప్పు మీదున్న ట్యాంకు, ట్యాంకు నుంచి ఆరు కుళాయిలు. తోటలో ఒక్క కుళాయి మాత్రం నేరుగా వీధి పైపుదే, దాన్ని మొక్కలకే వాడేవాళ్ళం. ఆయన చకచకా చెబుతూ నడిచాడు. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఇక్కణ్ణించి పైకి పిల్లలు రాకూడదు" అన్నాడు.

"మీరెప్పుడు ఎక్కుతారు తాతయ్యా?" అని అడిగింది ఎందుకమ్మ బెంచీ నేస్తం. రెండు జడల పిల్ల, గలగలా మాట్లాడేది.

"మీరు రాకముందే అమ్మా."

"మేమొకసారి పెందలాడే వచ్చి చూస్తాం."

"చూద్దాంలే" అన్నాడు.

నేను తలెత్తి పలక చూశాను. అంకెలు పక్కకి ఒరిగి, సాగిపోయి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పిల్లల దస్తూరీకి మార్కులు కోసే మనిషిని కదా, నోరూరుకోదు. "ఏంటి తాతయ్యా, మీ అంకెలకి కూడా మోకాళ్ళ నొప్పులొచ్చాయా?" అన్నాను. ఆయన నవ్వి, "వయసు టీచరమ్మా" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే చిరాకేస్తుంది.

తర్వాత లెక్కల మాస్టారు హాజరు పట్టీ తీయించారు. ఎవరు ఏ రోజు రాలేదు, ఎందుకు రాలేదు. సెలవు చీటీల్లో జ్వరం ఒక రంగు, ఊరెళ్ళడం ఒక రంగు, కడుపునొప్పి ఒక రంగు. బార్ గ్రాఫు గీసి తరగతి గోడకి అంటించారు. కడుపునొప్పికి ఎర్రరంగు వేశారు. కిందటేడు ఎర్ర బారు వేలెడంత ఉంది. ఈ ఏడు జానెడైంది.

"వానలెక్కువ కదా" అన్నాను నేను.

"జవాబు ముందే అనుకుంటే ఇక లెక్కెందుకు టీచర్?" అన్నారు మాస్టారు. మామూలుగా నాతో వాదించని మనిషి.

గంట తాతయ్య రోజూ ఆ గది ఊడ్చేవాడు. ఆ గ్రాఫు కింద నిలబడి చూసేవాడు. ఆయనకి చదువు పెద్దగా రాదు గానీ, పొట్టి బారేదో పొడుగు బారేదో చెప్పడానికి చదువెందుకు? ఎర్రరంగు అంటే ఏంటని మనవరాల్ని అడిగాడట. చెప్పింది. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సయించలేదు. నిచ్చెన దగ్గరికి మూడు పొద్దులు వెళ్ళాడు. మూడో పొద్దున అయిదో మెట్టు దాకా ఎక్కాడు. అక్కడ కాళ్ళు వణికి, కమ్మీని కౌగిలించుకుని, కళ్ళు మూసుకుని, మెట్టు మెట్టుకీ పాదంతో తడుముకుంటూ దిగాడు. దిగాక చేతులు కడుక్కుని వెళ్ళి గంట కొట్టాడు. వేళకే.

మూడోది సైన్సు. రెండు గాజు సీసాలు. ఒకదాంట్లో ట్యాంకు నీళ్ళు, ఒకదాంట్లో తోట కుళాయి నీళ్ళు. కిటికీ గట్టు మీద అయిదు రోజులు కదపకుండా పెట్టాలి. అయిదో రోజు చూసి రాయాలి. నాలుగో పొద్దుకే ట్యాంకు సీసా అడుగున పల్చగా పచ్చటి మడ్డి పేరింది. చీపురు పట్టుకుని ఊడుస్తున్న గంట తాతయ్య దాన్ని చూశాడు. గదిలో ఎవరూ లేరు. ఆయన చీపురు కింద పెట్టాడు. సీసా తీసుకెళ్ళి పారబోసి, బూడిదతో తోమి, తోట కుళాయి కింద నింపి, మూత పెట్టి, చీటీ ఉన్న వైపు కిటికీకి తిప్పి ఎప్పట్లాగే పెట్టేశాడు.

మర్నాడు రెండు సీసాలూ అద్దంలా ఉన్నాయి. పిల్లలు "తేడా లేదు" అని రాసుకున్నారు. ఎందుకమ్మ మాత్రం మాస్టారి దగ్గరికి వెళ్ళి, "మొన్న నేను చూసినప్పుడు అడుగున ఏదో ఉంది సార్, ఇవాళ లేదు, ఎందుకు?" అంది.

మాస్టారు సీసాని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. "ఒక్కసారి వచ్చిన జవాబు జవాబు కాదు. మళ్ళీ మొదట్నించి చేద్దాం" అన్నారు.

ఆ మళ్ళీ చేసే వారంలోనే రెండు జడల పిల్ల బడికి రాలేదు. ముందు జ్వరమన్నారు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయన్నారు. ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడటానికి వెళ్ళాను. మంచం మీద ఆ పిల్ల సగమైపోయింది. పలకరిస్తే తల కూడా తిప్పలేకపోయింది. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "డాక్టరుగారు ఎక్కడి నీళ్ళు తాగుతోందని అడుగుతున్నారు టీచర్. ఇంట్లో మరగబెట్టే ఇస్తాను. మరి బళ్ళో నీళ్ళు మంచివేనా?" అని అడిగింది.

"మంచివేనండీ" అన్నాను. పదిహేను రోజులకోసారి కడుగుతారని కూడా చెప్పాను. ఆ రోజు నా సంచిలో నా నీళ్ళ సీసా ఉంది. ఇంటి నుంచి నింపుకుని తెచ్చుకున్నది.

ఆ కామెర్లు వారం కిందట పట్టుకున్నవి కావు, నెల ముందే లోపలికి చేరి ఉంటాయని తర్వాత డాక్టరు చెప్పాడు. గంట తాతయ్యకి ఆ మాట ఎంత చెప్పినా ఎక్కలేదు. సీసా మార్చింది తను, వారం తిరక్కుండా పిల్ల మంచాన పడింది. ఆయన లెక్క ఆయనది. రెండోసారి పెట్టిన సీసాలో మూడో రోజుకే మడ్డి పేరింది. ఈసారి ఆయన దాని జోలికి పోలేదు. ఊడ్చేటప్పుడు కిటికీ వైపు తిరగకుండా ఊడ్చేవాడట.

ఇక మిగిలింది ఉత్తరం. నా వంతు. హెడ్మాస్టరుగారికి ఫిర్యాదు రాయాలి, దానికి ఆధారంగా ఒక పట్టిక జతచేయాలి. పేరు, బళ్ళో తాగే నీళ్ళు, ఈ టర్ములో కడుపునొప్పితో మానేసిన రోజులు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు అడిగి నింపుకున్నారు. రెండు జడల పిల్ల వరుస వాళ్ళమ్మని అడిగి నింపారు. సీసాలు తెచ్చుకునేవాళ్ళు కూడా బరువు మోయలేక ఖాళీవే తెచ్చి కుళాయి దగ్గర నింపుకునేవాళ్ళు. అప్పటిదాకా నింపిన వరుసలన్నిటిలోనూ "కుళాయి" అనే పడింది. అక్షరాలు బాగుంటాయని ఉత్తరమూ పట్టికా చక్కగా తిరగరాసే పని ఎందుకమ్మకి అప్పజెప్పాను.

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని తాతయ్య ఆ పిల్ల చెప్పు తెగితే కుడుతున్నాడు. పిల్ల పక్కనే కాగితాలు పరుచుకుని రాసుకుంటోంది. చివరి వరుస తనది. రాయబోయి ఆగిపోయింది.

"తాతయ్యా, అందరివీ కుళాయి నీళ్ళు. నాకొక్కదానికే ఇంటి నీళ్ళు. రోజూ నువ్వే నింపి ఇస్తావు. ఎందుకు?"

"బడి నీళ్ళు చప్పగా ఉంటాయని చెప్పాగా."

"నేనొక్కదాన్నే ఒక్కరోజు కూడా మానలేదు. సున్నా వచ్చింది. ఇంకెవరికీ సున్నా లేదు."

ఆయన సూది ఆగింది.

"నువ్వు ట్యాంకు కడగట్లేదా తాతయ్యా?"

పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది ఆయనకి. మనవరాలి చెప్పు ఒళ్ళో పెట్టుకున్నాడు. "రెండేళ్ళయింది అమ్మలూ" అన్నాడు. పడబోయిందీ, వేలాడిందీ, కర్రకి సుద్ద కట్టిందీ చెప్పాడు. సీసా సంగతి మాత్రం చెప్పలేదు.

పిల్ల ఏడవలేదు. "తెలిస్తే ఏం చేస్తారు?" అంది.

"పంపేస్తారు."

"మరి నేను?"

"మీ అమ్మ షిఫ్టులో ఉంటుంది. నిన్నెవరు చూస్తారో నాకే తెలీటంలేదు తల్లీ."

కాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా, "నా వరుస తీసెయ్యనా తాతయ్యా?" అని అడిగింది.

ఆయన తలెత్తలేదు. "తీసెయ్" అన్నాడు.

ఇదీ తర్వాత ఆయనే నాతో చెప్పాడు. "అప్పటిదాకా చేసిందంతా భయంతో చేశాను టీచరమ్మా. ఆ మాట ఒక్కటీ భయంతో అన్నది కాదు, తెలిసే అన్నాను. పసిదాని చేత తప్పు చేయించాను" అన్నాడు. నేను ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు.

మర్నాడు ఆఖరి పీరియడ్లో పిల్లలు తమ పనంతా చూపించాలి. హెడ్మాస్టరుగారు కుర్చీ వేయించుకుని ముందు కూర్చున్నారు. లెక్కల మాస్టారు గోడ పక్కన, నేను నా బల్ల దగ్గర. బల్ల మీద మా ముగ్గురి నీళ్ళ సీసాలు పక్కపక్కనే ఉన్నాయి. మ్యాపు చూపించారు, గ్రాఫు చూపించారు, మడ్డి పేరిన సీసా చూపించారు. హెడ్మాస్టరుగారి మొహంలో వెలుగు తగ్గుతూ వచ్చింది. రెండు జడల పిల్ల చోటు ఖాళీగా ఉంది, అందరి కళ్ళూ ఉండుండి అటే పోతున్నాయి.

ఎందుకమ్మ ఉత్తరం చదవడం మొదలుపెట్టింది. ఏనాడూ తడబడని గొంతు ఆ రోజు లోపల్లోపలికి పోతోంది. "మా తరగతిలో ముప్పై ఒక్క మందీ కుళాయి నీళ్ళే తాగుతున్నాం. ముప్పై ఒక్క మందిలో..."

"ముప్పై రెండు కదా?" అంది ముందు బెంచీలో ఒకమ్మాయి. పాపం, ఏ దురుద్దేశమూ లేదు. టర్మంతా లెక్క సరిచూసుకోమని నేర్పాం, సరిచూసుకుంది.

లెక్కల మాస్టారు కాగితం తీసుకుని వేలితో వరుసలు లెక్కపెట్టారు. "ముప్పై ఒకటే ఉన్నాయి. ఎవరిది లేదు?" అన్నారు. పిల్లలు పేర్లు చదివారు. చివరికి ఒకడు, "ఎందుకమ్మదే లేదు సార్" అన్నాడు.

"నీ వరుస నువ్వే ఎందుకు తీసేశావు?" అన్నారు మాస్టారు.

జీవితంలో మొదటిసారి ఆ పిల్లనే ఎవరో ఎందుకని అడిగారు.  రెండు చేతులతో గౌను అంచు నలుపుతూ నిలబడింది.

మాస్టారి మొహం మారింది. "మొదటిసారి సీసాలో నీళ్ళు ఎవరో మార్చారు. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అడుగున మడ్డి చూశానన్నది నువ్వొక్కదానివే. అంటే సీసా దగ్గరికి వెళ్ళింది నువ్వే. అది కూడా నువ్వేనా?"

"కాదు సార్."

"మరి వరుస?"

"నేనే తీశాను సార్."

"ఒకటి చేసినదానివి రెండోది చేయలేదంటే ఎలా నమ్మాలి?" అన్నారు హెడ్మాస్టరుగారు. "అవతల తోటిపిల్ల ఆసుపత్రిలో ఉంటే, నువ్విక్కడ లెక్కలు మారుస్తావా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. సీసా సంగతి తనకి తెలియదు. కానీ ఆ క్షణంలో తెలిసిపోయిందనుకుంటాను, ఎందుకంటే గుమ్మంవైపు చూసింది. అక్కడ గంట తాతయ్య ఉన్నాడు. చేతిలో గంట కొట్టే ఇనుప కడ్డీ ఉంది. బడి విడిచే వేళైంది. ఆయన వెళ్ళి గంట కొడితే చాలు, పిల్లలు సంచులు సర్దుకుని పరిగెడతారు, ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మనవరాలు నోరు విప్పదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. గోడ గడియారంలో ముల్లు దాటిపోయింది. 

ఆయన కడ్డీని గుమ్మం పక్కన గోడకి ఆనించి లోపలికి వచ్చాడు.

"ముప్పై రెండో వరుస మా పిల్లది సార్. తియ్యమన్నది నేను. సీసా మార్చిందీ నేనే. దానికి తెలీదు. పిల్లనేమీ అనకండి" అన్నాడు. తర్వాత తరగతివైపు తిరిగి, చేతులు కట్టుకుని, పిల్లలకే చెప్పాడు. రెండేళ్ళుగా ట్యాంకు ఎక్కలేదని. తేదీలన్నీ అబద్ధమని. భయమేసిందని. పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పాడు. 

హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. ఆయనకంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలయ్యా! నీ మనవరాలికి ఇంటి నీళ్ళు, పక్కవాళ్ళ పిల్లలకి మురికి నీళ్ళా? నీకు మనసెలా ఒప్పింది?" కోపంతో గొంతు ఎండిపోయినట్టుంది. బల్ల మీది తన సీసా తీసుకుని మూత తిప్పి గటగటా తాగారు.

"సార్" అంది ఎందుకమ్మ. కళ్ళ నిండా నీళ్ళు. అయినా ఊరుకోలేదు. "మీరు కూడా ఇంటి నీళ్ళే తెచ్చుకుంటారు కదా సార్. ఎందుకు?"

ఎదురు తిరిగి అడిగింది కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. హెడ్మాస్టరుగారి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. లెక్కల మాస్టారు నేలచూపులు చూశారు. నా సీసా నా ఎదురుగా ఉంది. ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఎందుకని నన్ను నేనెప్పుడూ అడగలేదు. బడి నీళ్ళు మంచివి కావని నాకు ఎవరూ చెప్పలేదు, కానీ తాగాలనిపించలేదు. నాకు తాగాలనిపించని నీళ్ళు ముప్పై ఇద్దరు పిల్లలు తాగుతుంటే చూస్తూ దస్తూరీ దిద్దుతూ కూర్చున్నాను. ఆ ఒరిగిన అంకెలు నా కంట పడ్డాయి. ఎక్కి రాసే చేతివి అలా ఉండవని నాకు తట్టాలి. నేను హాస్యమాడాను.

"సార్, పట్టికలో ఇంకో మూడు వరుసలు కూడా కలపాలి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. ఎందుకమ్మ కాగితం నా దగ్గరికి తెచ్చి ఇచ్చింది. ముందు ఆ పిల్ల తన వరుస రాసుకున్నాక, దాని కింద మా ముగ్గురివీ నేనే రాశాను. ఇంటి నీళ్ళు, సున్నా. ఇంటి నీళ్ళు, సున్నా. ఇంటి నీళ్ళు, సున్నా.

అప్పుడు గంట తాతయ్య బయటికి వెళ్ళి గంట కొట్టాడు. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

మర్నాడే ఇద్దరు పనివాళ్ళు కొత్త నిచ్చెనతో వచ్చి ట్యాంకు కడిగారు. లోపల్నించి మోచేతి లోతు బురద బక్కెట్లతో దించారు. పిల్లలందరూ వరుసగా నిలబడి చూశారు. గంట తాతయ్య కూడా చూశాడు. పొట్లాల గోనెసంచి తనే మోసుకొచ్చి వాళ్ళకి ఇచ్చాడు. రెండు జడల పిల్ల ఆరు వారాలకి కోలుకుంది. ఆయన వాళ్ళింటికి వెళ్ళి వాకిట్లో నిలబడి అంతా చెప్పాడు. వాళ్ళమ్మ మొత్తం విని, ఒక్క మాట కూడా అనకుండా తలుపు వేసుకుంది. తిట్టుంటే బాగుండేదని నాతో అన్నాడు. ఏడాది చివర కమిటీ ఆయన్ని పొడిగించలేదు. నేను మాట్లాడాను, హెడ్మాస్టరుగారూ మాట్లాడారు. ఒప్పుకోలేదు. వాళ్ళది తప్పని కూడా నేను అనలేను. పిల్లని చూసుకోవడానికి వాళ్ళమ్మ పగటి షిఫ్టుకి మార్పించుకుంది.

కానీ నాకు ఎక్కువ గుర్తుండిపోయింది ట్యాంకు కడిగిన మర్నాటి పొద్దు. ఎందుకమ్మ ఖాళీ సీసాతో బడికి వచ్చింది. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి నిండా పట్టుకుంది. నేను వరండాలో ఆగిపోయాను. ఆ పిల్ల సీసా నోటి దగ్గర పెట్టుకోలేదు. గంట గది దగ్గరికి నడిచి వెళ్ళి తాతయ్యకి ఇచ్చింది.

"ముందు నువ్వు తాగు" అంది.

ఆయన రెండు చేతులతో అందుకుని తాగాడు. సగం తాగి తిరిగి ఇవ్వబోయాడు.

"మొత్తం" అంది.

మొత్తం తాగాడు. ఖాళీ సీసా తీసుకుని, ఆ పిల్ల మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళి తనకోసం నింపుకుంది.